ఓబులేసు తల వంచాడు

ఆపరేషనై ఓబులేసు బతికాడని తెలిసి, పగబట్టిన దాయాది లక్ష్మీనారాయణ ఆళ్లగడ్డ నుంచి జీపులో బయలుదేరాడట. పొద్దున్నే కబురొచ్చింది. అప్పటినుంచి కమలాక్షమ్మ నంద్యాల ఆస్పత్రి వార్డు తలుపు వైపే చూస్తోంది.

మొగుణ్ణి తీసుకుని పారిపోయే దారి లేదు. ఊపిరిగొట్టంలో కంతి లేచి, గాలి పీల్చినప్పుడల్లా కూత వస్తుంటే తెచ్చి చేర్చింది. మద్రాసు నుంచి వచ్చిన డాక్టరు గొంతు కోసి, కంతి ఉన్న ముక్క తీసేసి, గొట్టం కొసలు రెండూ దగ్గరికి లాగి కుట్టాడు. ఆ కుట్టు తెగితే ప్రాణం నిలవదన్నాడు. ఓబులేసు మాట్లాడకూడదు. దగ్గినా భయమే. ఆమె అతని మెడ చుట్టూ, రొమ్ము మీదికి తువ్వాలు కప్పి కూర్చుంది.

ఎనభై ఒకటో సంవత్సరం, వరి పొట్ట మీద ఉండగా దాయాదులిద్దరికీ చెడింది. కాలువకు కట్ట వేసి లక్ష్మీనారాయణ పైరు ఎండబెట్టింది ఓబులేసే. వాళ్ల ఊరి పంచాయితీలో తప్పు చేసినవాడు నోరు విప్పనక్కర్లేదు, తల వంచితే చాలు. ఓబులేసు వంచలేదు. మీసం మీద చెయ్యేసి నవ్వాడు.

"వాని తలైనా వంగల్ల, తెగైనా పడల్ల," అని లక్ష్మీనారాయణ అందరి ముందర అనేశాడు.

మధ్యాహ్నం రానే వచ్చాడు. కుడిచెయ్యి చొక్కా కింద ఉంది. కమలాక్షమ్మ మంచానికి అడ్డం నిలబడింది.

"జరుగు వదినా."

"పచ్చి పుండప్పా. ఈడ వద్దు."

"జరుగు."

ఆమెను పక్కకు నెట్టాడు. దిండ్లకానుకుని కూర్చున్న ఓబులేసు తల రొమ్ము మీదికి వంగి ఉంది. ఎత్తలేదు. పిడికిళ్లు దుప్పటిని నలుపుతున్నాయి. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి.

లక్ష్మీనారాయణ చాలాసేపు అలాగే చూశాడు. చొక్కా కిందినుంచి చెయ్యి బయటికి తీశాడు. ఉత్త చెయ్యే.

"ఇంతే గదన్నా నేనడిగింది," అన్నాడు. "ఆ పొద్దే వంచింటే ఇంత దూరం వస్తాంటినా?"

పాతవన్నీ మరిచిపొమ్మని, నిమ్మళంగా ఇంటికి తోలుకురమ్మని వదినకు చెప్పి వెళ్లిపోయాడు.

జీపు చప్పుడు దూరమయ్యాక కమలాక్షమ్మ తువ్వాలు తొలగించి చూసింది: తల ఎత్తితే లోపలి కుట్టు తెగుతుందని, మొగుడి గడ్డాన్ని రొమ్ముకు కలిపి డాక్టరు కుట్టిన నల్లదారం బిగుతుగా అలాగే ఉంది.