గళ్ళ లుంగీ

పంచెతో వెళ్ళిన ప్రకాశరావు మాస్టారు లుంగీతో తిరిగొచ్చారు.

ఆకుపచ్చ గళ్ళ లుంగీ. ఆ ఇంట్లో ఎవరిదీ కాదు. ఉన్నదే మొగుడూ పెళ్ళాలిద్దరు.

"ఎవరిదండీ అది?" గేటు దగ్గరే నిలదీసింది సువర్ణ.

మాస్టారు వంగి చూసుకుని నవ్వారు.

"ఏమో సువర్ణా!"

ఆవిడ ఉలిక్కిపడింది. పేరు పెట్టి పిలిచారు! కిందటి వారం "మీరెవరండీ? ఎవరు కావాలండీ?" అని అడిగిన మనిషి. పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఆవిడకి ఆయన నోట 'అండీ' దక్కడం అప్పుడే.

తాగి తాగి లివర్ పాడైంది. తాగుడు మానినా ఆ రోగం మానలేదు. ఒంట్లో చెడు తలకెక్కితే మతి పోతుందనీ, రోజూ సిరప్పు పట్టించి విరేచనం అయ్యేలా చూడాలనీ అమలాపురం డాక్టరు గట్టిగా చెప్పాడు.

సువర్ణ చేతిలో గ్లాసు చూస్తే చాలు, మాస్టారు ఇల్లెగిరిపోయేలా అరిచేవారు.

"విషం! ఎవరో ఈవిడ నాకు విషం పోస్తోంది!"

వీధంతా వినేది. బతిమాలి, ఏడ్చి, చివరికి ఆవిడే ఓడిపోయింది. సీసా అల్మరా ఎక్కింది.

అయినా ఈమధ్య సాయంత్రం అలా తిరిగొస్తే మనిషి తేటగా ఉంటున్నారు. చేతులు వణకడం లేదు. మాట తడబడడం లేదు. నోట్లో ఏదో తీపి వాసన.

ఇంకొకరైతే సంతోషించేవారు. తాగుబోతు పెళ్ళానికి వేరే లెక్కలుంటాయి. ఈయన చెయ్యి నిలకడగా ఉందంటే లోపల చుక్క పడినట్టే. తీపి వాసనంటే దాన్ని కప్పిపుచ్చడానికి ఏదో నమిలినట్టే. కాపురం నేర్పిన చదువది. ఏనాడూ తప్పలేదు.

మర్నాడు ఆయన వెనకే వెళ్ళింది.

కాలవ గట్టు పక్క సందులో, కొత్తగా ఎవరో అద్దెకి దిగిన ఇల్లు. మాస్టారు సొంతింట్లోకి వెళ్ళినట్టు తలుపు తోసుకుని వెళ్ళారు.

"వచ్చేరా అండీ? ఇదిగో, గుక్కలో తాగేయండి." ఆడగొంతు.

సువర్ణకి ఒళ్ళు మండిపోయింది.

"సిగ్గులేదుటే? చావుకి దగ్గరైన మనిషికి పోస్తావా?"

గ్లాసుతోనే బయటికొచ్చింది ఒకావిడ. నలభై ఉంటాయి. నుదుట బొట్టు లేదు.

"అది కాదండి అక్కగారూ..."

"నోర్ముయ్! ఆ బుల్లిరాజుగాడు పోసి పోసి ఈయన్నిలా చేశాడు. వాడు చచ్చాడు, పీడ వదిలిందనుకుంటే నువ్వు దొరికావా?"

ఆవిడ మొహం పాలిపోయింది. అయినా, మాస్టారిని ఇంటికి లాక్కుపోతున్న సువర్ణ గేటుదాకా వెనకే వచ్చింది.

"తిట్టండి, పర్లేదండి. సిరప్పు మాత్రం ఆపకండి!"

"నా మొగుడికేం పట్టాలో నువ్వు చెప్తావా?"

గళ్ళ లుంగీ తెచ్చి ఆవిడ మొహాన కొట్టి, గేటుకి తాళం వేసింది సువర్ణ.

సిరప్పు మళ్ళీ తీసింది. మాస్టారు మళ్ళీ ఉమ్మేశారు.

మొదటిరోజు గేటు పట్టుకుని ఊపారు. మర్నాడు "మీరెవరండీ?" అన్నారు. ఆ తర్వాత ఏమీ అనలేదు.

ఆస్పత్రిలో డాక్టరు మాస్టారి కనురెప్పలు ఎత్తి చూసి పెదవి విరిచాడు.

"సిరప్పు ఎప్పుడు ఆపేరమ్మా?"

"ఎప్పుడో ఆపేశామండి. నా చేత్తో తాగేవారు కాదు."

"అలా ఆపేస్తే ఇన్నాళ్ళు లేచి తిరగరు. మొన్నటిదాకా ఎవరో పట్టించేరు."

సువర్ణ బెంచీ మీద కూలబడింది.

మాస్టారు కళ్ళు తెరవలేదు.

సమాధి కార్యక్రమం అయ్యాక చుట్టాలంతా వెళ్ళిపోయారు. సువర్ణ ఒక్కర్తే కాలవ గట్టు పక్క సందుకి నడిచింది. ఆయన తోసినట్టే తలుపు తోసింది.

కిటికీలో ఖాళీ సిరప్పు సీసాలు. తీగ మీద ఉతికారేసిన మాస్టారి పంచె, పక్కనే గళ్ళ లుంగీ.

"ఓ రోజు బట్టలు పాడుచేసుకున్నారండి," అంది ఆవిడ. పేరు ఉమాదేవిట. "స్నానం చేయించి ఇది కట్టేను."

పెళ్ళాం చెయ్యాల్సిన పని ఎవరు చేశారు! సువర్ణకి ఏడుపు కూడా రాలేదు.

"ఆయనకి సిరప్పు పట్టాలని నీకెలా తెలిసిందమ్మా?"

"అరుపులు వినపడేవండి. అవి నాకు కొత్త కాదు. దారి తప్పి ఓ సాయంత్రం మా గుమ్మంలోకొచ్చేరు."

"నా చేత్తో తాగని మనిషి నీ చేత్తో ఎలా తాగేరు?"

ఉమాదేవి తల దించుకుంది.

"బుల్లిరాజు పోసేడండీ అనేదాన్ని. నవ్వుకుంటూ తాగేసేవారు."

"బుల్లిరాజు... నీకెలా తెలుసు?"

ఆవిడ తీగ మీంచి లుంగీ తీసి మడత పెట్టింది. గొంతులో కోపం లేదు.

"మావారేనండి. ఆయనకి మొదటి గ్లాసు పోసింది మీ మాస్టారే."