చలి లేని పూత

"మొక్కల్ని ఫ్రిజ్‌లో దాచి పూయించారని బయట అనుకుంటున్నారు, డాక్టర్ హార్మ్స్," అన్నాడు డైరెక్టర్ కూనర్ట్, తాళంచెవి బల్ల మీద పెడుతూ. "నేననడం లేదు. అనుకుంటున్నారంటున్నా."

వీబ్కె హార్మ్స్ లేచింది. గదిలో ఉక్కగా అనిపించి, అలవాటు కొద్దీ కిటికీ రెక్కను ఓరగా వంచి వచ్చి కూర్చుంది. హార్ట్స్ కొండల వైపు నుంచి మంచుగాలి లోపలికి దూరింది. ఇద్దరూ పట్టించుకోలేదు.

ఆవ జాతికి చెందిన రాప్స్ మొక్క శీతాకాలమంతా వణికితేగాని పూత పెట్టదు. పూతను అదిమిపట్టే జన్యువొకటి దానిలో ఉంది. చలే దాని నోరు మూయిస్తుంది. ఆ చలితో పని లేకుండా, ఆకులకు మందు కొట్టి నోరు మూయిస్తానంది వీబ్కె. పోయినేడు తన గదిలో పూయించి చూపించింది కూడా. చలికాలాలు నానాటికీ సన్నగిల్లుతున్నాయని దిగులుపడే జర్మన్ రైతులు ఆమెను నెత్తిన పెట్టుకున్నారు. తీరా వేరేచోట, గట్టిగా మూసిన గదుల్లో అదే మందు కొడితే ఒక్క మొగ్గ రాలేదు.

అందుకే శీతాకాలం మొదట్లో పెట్టిన ఈ ఆఖరి పరీక్ష; ఫలితం చూసేది ఇవాళే. వెచ్చని గది, కూనర్ట్ తాళం. నీళ్ళు పోసేది కూడా ఆయనే. మందు కొట్టిన మొక్కలు కిటికీ దగ్గర. కొట్టనివి, తుంపర పడకుండా, దూరంగా తలుపు దగ్గర, హీటరు పక్కన. థర్మామీటరూ అక్కడే.

"పూయకపోతే?" అంది వీబ్కె.

"ఈ నెలాఖరుతో మీ ఉద్యోగం సరి. అచ్చయిన వ్యాసం వెనక్కి తీసుకోవాలి. నేనేం చెయ్యగలను చెప్పండి?"

"మోసగత్తెనన్న పేరొస్తే ఇంకెక్కడా నన్ను విత్తనం ముట్టుకోనివ్వరండీ. నాకు ఇంకో పని రాదు."

"అదేదో చూశాక ఏడుద్దురుగాని, పదండి."

ఆమెకు ఏడుపు రాలేదు. ఏడవడానికైనా ఒంట్లో ఓపిక ఉండాలి. లోపల ఏముందో కూనర్ట్‌కి తెలుసు, మొహం మాత్రం చావు కబురు మోసుకొచ్చినవాడిలా ఉంది. ఇద్దరూ వరండా చివరిదాకా నడిచారు. తాళం తీస్తుంటే వీబ్కె కళ్ళు గట్టిగా మూసుకుంది. తన బతుకు ఇక్కడితో తెల్లారిపోయిందనే అనుకుంది.

"తెరవండి కళ్ళు!"

తలుపు దగ్గర మొక్కలన్నీ ఉత్త ఆకులు. కిటికీ దగ్గర ప్రతి కుండీలోనూ పసుపుపచ్చని పూలు.

వీబ్కె అక్కడే నేల మీద కూలబడింది. ఇప్పుడొచ్చింది ఏడుపు.

"పూశాయండీ!" కూనర్ట్ ఇక ఆపుకోలేక పెద్దగా నవ్వాడు. "మూడు వారాల నుంచీ నోరు నొక్కుకుని చస్తున్నా. ముందే చెబితే మీ పక్షం అంటారు కదా! ఈ చేతుల్తోనే నీళ్ళు పోశా. ఇంకో పురుగును లోపలికి రానిస్తే ఒట్టు. ఇప్పుడెవడు ఫ్రిజ్ అంటాడో రమ్మనండి!"

కిటికీ గట్టు మీద, కుండీల వెనక నుంచి ఒక జెక్ట్ వైన్ సీసా బయటికి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"మీరు గెలుస్తారని మొదటిరోజే తెచ్చి దాచాను. కాఫీ కప్పులున్నాయి, కానివ్వండి."

సీసా చేతికి జివ్వుమని తగిలింది. వీబ్కె కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

"ఇంత చల్లగా ఉందేంటండీ? ఫ్రిజ్‌లోంచి తెచ్చారా?"

"ఫ్రిజ్ దేనికండీ? మూసిన గదంటే మనవాళ్ళెవరికైనా పడుతుందా? శీతాకాలమంతా, రోజూ సాయంత్రం వెళ్తూ వెళ్తూ ఈ కిటికీని ఓరగా వంచేసి, తెల్లారి వచ్చాక మూసేవాణ్ణి, అచ్చం మీరు మీ గదిలో చేసినట్టే!"