గెడ్డ మలుపులో వల

ఎడ్విన్ నడుముకి తాడు బిగించుకుని, వాగులా పొంగిన గెడ్డలోకి దూకబోతుంటే, ఫ్లోరెన్స్ వెనక నుంచి మొగుడి చొక్కా పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

“ముందా తాడు ఇప్పు.”

“అల్లక్కడ మా అమ్మ సచ్చిపోతంది. నీకు తాడు గొడవేటే?”

“సముద్రంలో అయితే ఆ తాడు నిన్ను ఒడ్డుకి తెత్తాది. గెడ్డలో ముంచీసి సంపుతాది. ఇప్పు.”

ఆమె చెప్పింది నిజమే. వరదలో నడుముకి తాడు కట్టుకున్నవాణ్ణి ఒడ్డు నుంచి లాగితే, వెనక నుంచి తోసే నీళ్ళు వాణ్ణి అడుక్కి తొక్కేస్తాయి. తొంభైతొమ్మిది తుఫాను తరవాత మిషన్ ఆసుపత్రివాళ్ళు పెట్టిన శిక్షణలో గోనెమూటకి తాడు కట్టి మరీ చూపించారు. ఆ శిక్షణకి ఊళ్ళో మగాళ్ళెవరూ వెళ్ళలేదు. ఫ్లోరెన్స్ వెళ్ళింది. వెళ్ళినందుకు అత్త జీవరత్నమ్మ చేత నాలుగు చీవాట్లు కూడా తింది.

ఇప్పుడా అత్తే గెడ్డ మధ్యలో, జీడిమామిడి చెట్టు మీద ఉంది. తోటలో కట్టేసిన దూడని విప్పడానికి వెళ్ళింది, విప్పింది. దూడ శుభ్రంగా ఈదుకుంటూ ఒడ్డెక్కేసింది. ఈవిడ చుట్టూ మాత్రం నీళ్ళు కమ్ముకున్నాయి. మామూలు రోజుల్లో మోకాలు తడవని గెడ్డ, ఇప్పుడు తోటని సగం మింగి ఎర్రగా పరుగులు తీస్తోంది.

ఒడ్డున చేరినవాళ్ళు ఖాళీ నూనె డబ్బాకి తాడు కట్టి విసిరారు. అందలేదు. మళ్ళీ విసిరారు. డబ్బా చెట్టు దాకా పోయినట్టే పోయి పక్కకి కొట్టుకుపోయింది. ఫ్లోరెన్స్ నీటి మీద తేలిపోతున్న కొబ్బరిమట్టల్నే చూస్తూ నిలబడింది. ప్రతి మట్టా చెట్టు దాటాక కింద మలుపు దగ్గర ఈ ఒడ్డుకే వచ్చి ఒరుసుకుని పోతోంది. మనిషైనా అక్కడికే వస్తుంది. అక్కడ పట్టుకునే చెయ్యి ఉండాలి, అంతే.

అక్కుపల్లి జాలరి అప్పలసూరి, అతని మనుషులు వాన వల్ల చేపల వేటకి పోక రోడ్డు మీదే ఉన్నారు. వల తెచ్చి మలుపు దగ్గర నీటికి అడ్డంగా పట్టుకోమని ఫ్లోరెన్స్ వాళ్ళని బతిమాలింది. ఎడ్విన్‌ని కూడా వాళ్ళతో తోలింది. వల బిగించగానే ఎర్ర తువ్వాలు ఊపమంది.

తరవాత చెట్టుకేసి తిరిగి, చీర గోచీ పోసుకోమని అత్తకి కేక వేసింది. చెప్పినప్పుడు చెట్టు వదిలెయ్యాలనీ, వెల్లకిలా పడుకుని కాళ్ళు ముందుకు పెట్టి తేలాలనీ, నేల తగిలినా సరే నిలబడొద్దనీ, నిలబడితే రాళ్ళ మధ్య కాలు ఇరుక్కుంటుందనీ గొంతు చించుకుని చెప్పింది.

జీవరత్నమ్మ కొమ్మని కావలించుకుని కదల్లేదు.

“నానొగ్గను. ఈ సెట్టు మీ మావ నాటింది, దీని సత్తువ నాకు తెల్దా? నా కొడుకుని పంపు.”

ఇంకా చాలా అంది. కొడుకుని ఆపింది కోడలేనని చెట్టు మీద నుంచి చూసింది కదా, ఆ కోపమంతా కక్కింది. ఫ్లోరెన్స్ చూపు చెట్టు మొదలు మీద పడింది.

నీళ్ళు కొట్టే వైపు మట్టి లేదు. వేళ్ళు బయటపడి నీళ్ళలో వెంట్రుకల్లా ఊగుతున్నాయి. చెట్టు కొద్దిగా, చాలా కొద్దిగా ఇటు ఒరిగింది.

మలుపుకేసి చూసింది. ఆమె నిలబడ్డ చోటికి సరుగుడు మొక్కలు అడ్డం. వాటి పైన తువ్వాలు ఊగలేదు.

చెట్టు పడిపోతోందని చెప్పకూడదు. ఆసరా పోతోందని తెలిస్తే భయపడ్డ మనిషి ఆ ఆసరానే మరింత గట్టిగా పట్టుకుంటుందని శిక్షణలో పదేపదే చెప్పారు. చెట్టుతో పాటు కొమ్మల కిందకి పోతే ఇక ఏ వలా ఆపలేదు.

“ప్రభువా, క్షమించు” అనుకుంది ఫ్లోరెన్స్.

“అత్తమ్మా, వల కట్టీసేరు! నీ కోసరమే సూత్తన్నారు! ఒగ్గెయ్!”

జీవరత్నమ్మ ఒక్కసారి మలుపు వైపు తల తిప్పింది. మళ్ళీ కోడలి మొహంలోకి చూసింది. ఏమనుకుందో, గోచీ బిగించి, కొమ్మ వదిలేసింది.

చెప్పినట్టే వెల్లకిలా పడింది. కాళ్ళు ముందుకి పెట్టింది. ఎర్రనీళ్ళు ఆమెని ఎత్తుకుపోయాయి. వెనకాలే చెట్టు వేళ్ళతో సహా ఫెళ్ళున ఒరిగిపోయింది.

ఫ్లోరెన్స్ ఒడ్డు వెంట పరిగెత్తింది. సరుగుడు మొక్కలు దాటేసరికి మలుపు కనిపించింది. వల ఒక కొస కొబ్బరిచెట్టుకి ఉంది. రెండో కొస ఇంకా అప్పలసూరి భుజం మీదే ఉంది. ఆమె వేసిన కేకకి అప్పలసూరి వెనక్కి చూశాడు, వస్తున్న మనిషిని చూశాడు, వల కొసతో పాటు నడుం లోతు నీళ్ళలోకి ఉరికాడు. అతని వెనక మరో ఇద్దరు ఉరికారు. వల బిగిసీ బిగియకముందే జీవరత్నమ్మ వచ్చి అందులో పడింది. ఎడ్విన్ ఆమె జబ్బ దొరకబుచ్చుకున్నాడు.

ఒడ్డున బోర్లా పడుకోబెడితే ఆవిడ నీళ్ళు కక్కింది. లేచి కూర్చుంది. ఫ్లోరెన్స్ ఆ ఎర్ర తువ్వాలు తీసి అత్త భుజాల చుట్టూ కప్పి, ఆవిడ కాళ్ళు పట్టుకుని భోరుమంది.

“నన్ను సెమించు అత్తమ్మా. నానొగ్గమన్నప్పుడు వల కట్టనేదు. అబద్దమాడేను.”

“తెల్సు. సెట్టు మీద నుంచి మలుపంతా అగుపిస్తాది. ఈళ్ళింకా వల సిక్కులు తీసుకుంతన్నారు.”

ఎడ్విన్ నోరు తెరుచుకుని తల్లిని చూశాడు. తెలిసి తెలిసి ఎందుకు వదిలావని అడిగాడు.

జీవరత్నమ్మ కోడలి తల మీది నీళ్ళు తుడిచింది.

“నాను వండిన కూర బాగోనేదని నా మొకం మీదే అనీసే మడిసిది. అలాటిది నాకు అబద్దం సెప్పిందంటే, సెట్టు పడిపోతందని కాక మరేట్రా?”