ఎందుకొచ్చినట్టు?

"నిన్న నేను అంగడికి పోయిన. ఎందుకు? కూరగాయలు కొననీకి. ఇంగ్లీషుల చెప్పండి," అంది మెర్సీ. చేతిలో చాక్‌పీసు పుటుక్కున విరిగింది.

ఎనిమిదో తరగతి మొత్తం ఒక్క గొంతుతో అందుకుంది. "ఐ వెంట్ టు ద మార్కెట్ టు బై వెజిటబుల్స్, మిస్."

"ఫర్ బైయింగ్ అనొచ్చా?"

"అనొద్దు మిస్."

మెర్సీకి గుండెల్లో రాయి పడింది. చెప్పాల్సింది వీళ్లకు ముందే వచ్చేస్తే తనేం చెప్పి మెప్పించేది? వెనక బెంచీలో బడి కరస్పాండెంట్ వీరేశం కూర్చున్నాడు. మాట్లాడడు, నవ్వడు, గోడ గడియారం చూస్తాడు. ఈ డెమో క్లాసు ఆయనకు నచ్చితేనే దేవరకొండలో ఇంగ్లీషు టీచరు ఉద్యోగం. లేదంటే సోమవారం నుంచి మందుల కంపెనీ బస్సెక్కి ప్యాకింగ్ పనికి పోవాల్సిందేనని నాయిన బెంజమిన్ పొద్దున్నే తేల్చేశాడు. బీఈడీ చదివింది అట్టపెట్టెలకు టేపు అంటించడానికా? తలుచుకుంటేనే ఆమెకు ఒళ్లు మండుతోంది.

ఇక తాడోపేడో తేల్చుకోవాలనుకుంది. పుస్తకం మూసేసి డస్టర్ పైకెత్తింది.

"మనిషి ఎందుకు పోయిండో చెప్పాలంటే 'టు'. మరి వస్తువు దేనికి పనికొస్తదో చెప్పాలంటే?"

ఈసారి ఎవరూ నోరు మెదపలేదు. మెర్సీకి ప్రాణం లేచొచ్చింది.

"అప్పుడు 'ఫర్' పెట్టి, వెనక 'ఇంగ్' తగిలియ్యాలె. ద డస్టర్ ఈజ్ ఫర్ క్లీనింగ్ ద బోర్డ్."

ఇక ఆమె ఆగలేదు. కత్తెర దేనికి, చీపురు దేనికి, తాళం దేనికి అంటూ బెంచీల మధ్య గిరగిరా తిరిగింది. పిల్లలు పోటీలు పడి లేచి చెప్పారు.

వీరేశం లేచాడు. మొదటిసారి నవ్వాడు కూడా. "మస్తు చెప్పినవమ్మా. బెల్లు కొట్టేదాక కానియ్యి. తర్వాత ఇంటికి పో, ఫోన్ చేస్త."

ఆయన గుమ్మం దాటగానే మెర్సీ కుర్చీలో కూలబడింది. ఉద్యోగం వచ్చినట్టే. సంతోషంతో కళ్లు చెమర్చాయి. పిల్లల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. రేపటి నుంచి వీళ్లంతా తన పిల్లలే మరి.

"ఆఖరుకు ఇంకొక్కటి. 'టు' వచ్చేటట్టు మన బడి గురించి ఎవరు చెప్తరు? ముందు తెలుగుల చెప్పండి, తర్వాత ఇంగ్లీషు చేద్దాం."

ముందు బెంచీలోంచి రెండు జడల పిల్ల లేచి చేతులు కట్టుకుంది.

"మా ఇంగ్లీషు మిస్ మానేసిన కాడి నుంచి, పాఠాలు నడిపించుకోనీకి సార్ రోజుకో కొత్త మిస్‌ను డెమోకు పిలుస్తరు."