అత్తగారికి నచ్చని పిడి

"ఇదేం పిడి? చీపురుపుల్లలా ఉంది," అన్నారు అత్తగారు.

కోడలికి ఒళ్ళు మండింది. అంతరిక్ష కేంద్రానికి బ్యాటరీలు తయారుచేసే కంపెనీలో ఆమె ఇంజనీరు. పాత బ్యాటరీ మొరాయిస్తే వ్యోమగామి బయటికొచ్చి, శూన్యంలో వేలాడుతూ, కొత్తది బిగించాలి. బిగించే పిడి ఆమె డిజైనే. నమూనాను ముచ్చటపడి ఇంటికి తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టింది.

అత్తగారు రెండు జతల మందపాటి చేతితొడుగులు ఒకదానిమీద ఒకటి తొడుక్కుని పిడి పట్టారు. జారిపోయింది.

"చూశావా?"

"ఆఫీసులో ఎవరికీ జారలేదు అత్తయ్యా!"

"వాళ్ళవి కుర్రవేళ్ళు. పైగా కాఫీ తాగుతూ తిప్పుంటారు. పొద్దుటినుంచీ పనిచేసి కొయ్యబారిన చేత్తో తిప్పమను!"

భర్త పళ్ళెంలోంచి తలెత్తలేదు. వీళ్ళిద్దరి మధ్య దూరడం పెళ్ళయిన వారానికే మానేశాడు.

కోడలు పిడిని వెడల్పు చేసింది. బిగిస్తే ఆకుపచ్చ గీత కనబడే ఏర్పాటూ చేసింది.

"నా చెయ్యే అడ్డమొస్తుంటే గీత ఎలా కనిపిస్తుందే?" అన్నారు అత్తగారు.

గీత చోటు మార్చాలంటే బ్యాటరీ పెట్టె మొత్తం విప్పాలి. భయపడుతూనే పైఅధికారికి చెప్పింది.

"మీ అత్తగారితో నేను వేగలేను. మార్చెయ్యమ్మా," అన్నాడాయన దండం పెట్టి.

ఆ సాయంత్రం ఆమె ఏడ్చేసింది. "నేనేం చేసినా మీకు నచ్చదు."

అత్తగారు పక్కన కూర్చుని తల నిమిరారు. "నచ్చకపోతే ముట్టుకునేదాన్నే కాదు. నీమీద నమ్మకముండబట్టే ఈ పోట్లాట."

చివరికి పిడి ఖాయమైంది. కొన్నాళ్ళకు అత్తగారు పనిమీద వెళ్ళారు. వంకపెట్టే మనిషి లేక ఇల్లు బోసిపోయింది.

అనుకోకుండా అంతరిక్ష కేంద్రంలో బ్యాటరీ చెడింది. సగం గదులు చీకటయ్యాయి. మిగతా సగం ఎంతసేపు వెలుగుతాయో ఎవరూ చెప్పలేకపోయారు.

కంట్రోల్ రూములో కోడలు తెరవైపే చూస్తోంది. భర్తనూ రానిచ్చారు. అతను గోళ్ళు కొరుక్కుంటూ గోడవారగా నిలబడ్డాడు.

తెరమీద తెల్లటి సూట్‌లో వ్యోమగామి కొత్త పెట్టెను లోపలికి తోసింది. లావాటి వేళ్ళు పిడిని పట్టుకున్నాయి. ఒకసారి తిప్పింది. కదల్లేదు. మళ్ళీ బలంగా తిప్పింది. ఆకుపచ్చ గీత మెరిసింది.

గదంతా చప్పట్లు. అంతలో పైనుంచి వ్యోమగామి గొంతు ఖంగుమంది: "బిగిసింది కోడలుపిల్లా, ఇక మావాణ్ణి గోళ్ళు కొరకడం మానమను!"