చప్పట్లు కొట్టనివాడు

సకల జనుల సమ్మె రోజులవి. మెదక్ రాందాస్ చౌరస్తాలో దీక్షా శిబిరం నడుస్తోంది.

"లెవ్వు కొడుకా లెవ్వు... ఊరంత వచ్చింది లెవ్వు..."

మైకులో పాట మొదలవగానే టెంటంతా ఊగిపోయింది. ఆడవాళ్లు చప్పట్లు కొడుతున్నారు. యువకులు డప్పుకు ఎగురుతున్నారు.

వెనక వరుసలోని పెద్దమనిషి మాత్రం లేచి, రోడ్డు దాటి, పోలీసు జీపు పక్కన నిలబడ్డాడు.

పాట అయిపోయాక తిరిగొచ్చి కూర్చున్నాడు.

శిబిరం నడిపే ఇంద్రకరణ్ నిన్న కూడా ఇదే చూశాడు.

"ఎవలక్కా ఆయన?" అని దీక్షలో ఉన్న లలితమ్మను అడిగాడు.

"ఏమో తమ్మీ. పేరు చెప్పడు, ఊరు చెప్పడు. పొద్దుగాల్నే వస్తుండు, సప్పుడు జేయకుంట కూసుంటుండు."

ఇంద్రకరణ్‌కు అనుమానం ముదిరింది. కావాలనే అదే పాట మళ్లీ పెట్టించాడు.

ఆయన మళ్లీ లేచాడు.

ఇంద్రకరణ్ అడ్డంగా నిలబడ్డాడు.

"యాడికి పెద్దమనిషీ?"

"గట్ల బయటికి."

"పాట రాంగనే ఎందుకు పోతున్నవ్?"

"నాకు ఇనబుద్ధి గాదు బిడ్డా."

"తెలంగాణ పాట ఇనబుద్ధి గాదా? మరి మా టెంట్ల కూసునుడెందుకు? ఆ జీపు కాడ ఎవలికి ఏం చెప్పొస్తున్నవ్?"

"ఎవలికేం చెప్తలే. ఆడికి మైకు జర తక్కువ ఇనవడ్తది."

"ఇన్ఫార్మరే," అన్నారెవరో వెనక నుంచి.

ఆయన ఏదో చెప్పబోయాడు. పాట ఇంకా మోగుతూనే ఉంది. 

ఇంద్రకరణ్ ఆయన భుజం పట్టుకుని రోడ్డు దాకా నడిపించాడు.

"మళ్ల గీ దిక్కు రాకు."

పెద్దమనిషి తలూపి, పాపన్నపేట ఆటో ఎక్కాడు.

సాయంత్రం, ఆ పాట పాడిన రజని హైదరాబాద్ నుంచి వచ్చింది. స్వాగతంగా ఆమె పాటే పెట్టారు. జనం చుట్టుముట్టారు. ఆమె కళ్లు మాత్రం ఎవరికోసమో వెతుకుతున్నాయి.

"అన్నా, జకరయ్య బాపు ఏడి? మీ టెంట్ల వెనక వరుసల కూసుంటున్న అని ఫోన్ల చెప్పిండు. పాపన్నపేట దిక్కాయన, మాట తక్కువ."

ఇంద్రకరణ్ పాపన్నపేట రోడ్డు వైపు చూశాడు.

"పోయిండమ్మా. మేమే ఎల్లగొట్టినం. గీ పాట ఇనబుద్ధి గాదన్నడు."

రజని మైకు వైపు తిరిగింది.

"జర ఆ మైకు బంద్ పెట్టుండ్రి," అంది.

ఎవరో పాట ఆపేశారు.

"గీ పాట నేనే కట్టిన అనుకుంటరు అందరు. నేను గొంతే ఇచ్చిన. తెలంగాణ కోసమని పానమిడిసిన కొడుకును వాకిట్ల పండవెడితే, ఆ బాపు పక్కన కూసోని లేపుకుంట ఏడ్చిన ఏడుపన్నా అది."