నేల కింది మాణిక్యవల్లి

“తర్వాత?” అంది అనసూర్య.

“తర్వాత లేదు,” అన్నాడు కొమురెల్లి, చెవిలో మిగిలిన బొగ్గు నుసిని తువ్వాలు కొసతో తుడుచుకుంటూ. “కాక గంతవరకే చెప్పిండు.”

“గట్లెట్ల ఆపుతడు బావా? మాణిక్యవల్లి ఏడో వాకిలి ముంగట నిలవడ్డది. కావలి భూతం నీ పేరు నాకిచ్చి లోపలికి పొమ్మన్నది. ఇస్తదా, ఇయ్యదా?”

“కథ రాసిన తాళపత్రాలు గోదారి వరదల కొట్టుకపోయినయట. కాక వాళ్ల తాతకు సుత అక్కడిదాంకనే తెలుసట.”

అనసూర్య మూతి ముడిచింది. పెళ్లయి రెండు నెలలు. గోదావరిఖనిలో ఆమెకు నచ్చినవి చాలా ఉన్నాయి. క్వార్టరు వెనక పాకిన బీరతీగ, సైరన్ మోగగానే వీధంతా ఒక్కసారి కదలడం, డ్యూటీ దిగి వచ్చిన భర్త మొహంలో ముందుగా పళ్లు కనిపించడం. అన్నిటికంటే నచ్చింది ఈ కథ. కొమురెల్లి గనిలో ఫిట్టరు. మధ్యాహ్నం డబ్బా విప్పేది కింద, నీళ్లు తోడే పంపు దగ్గర. అన్నం తినేంతసేపూ పంపు నడిపే కాక కథ చెప్తాడు. దాన్ని కొమురెల్లి సాయంత్రం ఇంటికి మోసుకొస్తాడు.

నేల కింద ఒక పట్నం. అక్కడి దీపాలన్నీ ఒక్కసారే ఆరిపోయాయి. మళ్లీ వెలిగించే విద్య రాసి ఉన్న పత్రాలు ఏడు వాకిళ్ల అవతల ఉన్నాయి. వాటికోసం రాజు బిడ్డ మాణిక్యవల్లి ఒంటరిగా దిగింది.

మర్నాడు పొద్దున్నే నల్లా దగ్గర అనసూర్య ఆడవాళ్లందరికీ ఇదే మొరపెట్టుకుంది. ఒకామె నవ్వి బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది. వెనక క్వార్టర్ల లైన్లో ఉండే సుసన్న మాత్రం బిందె నిండి పొర్లుతున్నా కదల్లేదు.

“పేరిచ్చేస్తే ఇగ ఆమెను ఏమని పిలుస్తరు చెల్లె?”

“పేరియ్యదక్కా. నాకనిపిస్తది, నీడనిస్తది. చీకట్ల నీడతోని ఏం పని?”

సుసన్న బిందె ఎత్తుకుంది. “నిజమే. నేను పోత, మా ఇంటాయనకు డబ్బా కట్టాలె,” అంటూ గబగబా వెళ్లింది.

సాయంత్రం కొమురెల్లి బూట్లు విప్పకముందే చెప్పాడు. “ఒక పత్రం దొరికిందట. కాక ఇంట్ల దూలం మీద ఉన్నదట.”

“పేరిచ్చిందా?”

“లేదు. నీడనిచ్చింది.”

అనసూర్య చేతిలోని గరిటె వదిలేసి చప్పట్లు కొట్టింది. “నేను గదే అనుకున్న బావా.”

“నువ్వెట్ల అనుకుంటవు? తాతల నాటి కథ.”

“హన్మకొండల బీయే ఊకెనే చదివిన్నా? పాత కథల లోపల ఒక రహస్యమైన దారుంటది. అది నాకు చిక్కింది.”

అప్పటి నుంచి ఆమె ఊహ తప్పలేదు. ఉప్పు చెరువును నిద్రలో నడిచి దాటాలని పొద్దున నల్లా దగ్గర అంది. సాయంత్రానికి మాణిక్యవల్లి అలాగే దాటింది. అనసూర్యకు గర్వం పట్టపగ్గాల్లేకుండా పెరిగింది.

“కాకను ఒకసారి అన్నానికి పిలువు. ఈ విద్య ఎక్కడిదో అడగాలె.”

“పిలిచిన. కొత్త జంట ఇంటికి నేనెందుకని రాలే.”

అంతలో వానలు పట్టుకున్నాయి. చూరు కింద గంగాళాలు నిండిపోతుండటంతో అనసూర్య నల్లాకు వెళ్లడం మానేసింది. కథ కూడా ఆగిపోయింది. మాణిక్యవల్లి చేతికి పత్రాలు దొరికాయి కానీ, వెనక దారి మూసుకుపోయింది.

“మిగిలిన కథ పత్రాలు చెదలు తిన్నయట,” అన్నాడు కొమురెల్లి.

“నేను పోయేలోపు ఆమె పైకి రావాలె బావా.”

ఆషాఢానికి పుట్టింటికి తీసుకెళ్లడానికి అన్న రేపో ఎల్లుండో వస్తాడు.

“కథనే కదా.”

“కథనే. కని నువ్వు రోజూ దిగుతవు. ఆమె కిందనే ఉన్నదనుకుంట నెలంత నేనక్కడ ఎట్ల పండాలె?”

కొమురెల్లి నవ్వబోయి ఆగాడు. ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

మర్నాడు తెల్లవారుతుండగా సుసన్న ఇంటికే వచ్చింది. తల మీద తడిసిన కొంగు, చంకలో ఖాళీ బిందె.

“నల్లా దిక్కే వస్తలేవేంది చెల్లె?”

“వాన నీళ్లున్నయి కదక్కా.”

“సరేగని, మాణిక్యవల్లి ఎట్ల బయటపడ్తది?”

“అది తెల్వకనే నాకు అన్నం పోతలేదు.”

“అయినా నీకేమనిపిస్తది?”

అనసూర్య గడపకు ఆనుకుని వాన వైపు చూసింది. “పత్రాలను చదివి అక్కడనే కాలుస్తది. ఆ వెలుగుల దారి చూసుకుంట పైకొస్తది. వెలుగు పడంగనే పోయిన నీడ సుత మళ్ల వస్తది. అందుకేనేమో అక్కా, ఆ పత్రాలు ఇప్పటిదాంక ఎవలకూ దొరకలే.”

“మంచిగున్నది,” అని సుసన్న ఖాళీ బిందెతోనే వెనుదిరిగింది.

ఆ సాయంత్రం కొమురెల్లి వాకిట్లో నుంచే కేకేశాడు. “వచ్చింది.”

“నీడ?”

“నీడతోని సహా.”

అనసూర్య ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టుకుంది. పెట్టె సర్దుకుంటూ కూనిరాగం కూడా తీసింది.

రామగుండం స్టేషన్లో అన్న పెట్టె ఎక్కిస్తుంటే, కొమురెల్లి ఒక తెల్లచొక్కా పెద్దమనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు.

“గీయననే మా పంపు కాక, అంద్రెయ. నిన్ను చూడాలన్నడు.”

అనసూర్య చేతులు జోడించింది. “మామా, ఇంత పెద్ద కథను మీ వంశం ఇన్నేండ్లు కడుపుల దాచుకున్నది. వచ్చినంక మొదటి నుంచి చెప్పాలె.”

అంద్రెయ తల గోక్కుంటూ వెనక్కి చూశాడు. వెనక సుసన్న, చేతిలో ప్రయాణానికి కట్టిన పులిహోర మూటతో.

“అక్కా, నువ్వేంది ఇక్కడ?”

“మా ఇంటాయననే చెల్లె,” అంది సుసన్న, మూట అందిస్తూ, నవ్వాపుకుంటూ.

కాజీపేట బండి కూత వేసింది. అనసూర్య ఎక్కి కూర్చుంది. అంద్రెయ కిటికీ దగ్గరికి వచ్చి, చువ్వ పట్టుకుని మెల్లగా అడిగాడు.

“నువ్వు పోతే ఇగ నాకు కథెవలు చెప్తరు బిడ్డా?”